హ్యాండిల్ మీద ఏది, జేబులో ఏది

(అమలాపురంలో ఒక ఆదివారం పొద్దున సైకిల్ తొక్కేవాళ్లు కలిసినప్పుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. రావులపాలెం నుంచి, రాజోలు నుంచి, పంటెక్కి ఏరు దాటి నరసాపురం నుంచి కూడా సైకిళ్ల మీదే వచ్చారు. ఇంత పొద్దున్నే లేచి వచ్చినందుకు చాలా సంతోషం. నేను ఫిజిక్స్ మాస్టారినని పరిచయం చేశారు. అది నిజమే గాని, ఇవాళ చెప్పేవన్నీ పుస్తకంలోవి కావు. పదమూడేళ్లుగా ఈ కాలువ గట్ల మీద సైకిల్ తొక్కుతూ నేర్చుకున్నవి.

కొత్తగా సైకిల్ కొన్న ప్రతివాళ్లూ నెల తిరక్కుండా అడిగే ప్రశ్న ఒకటుంది. దారి చూసుకోవడానికి చేతిలో ఉన్న స్మార్ట్‌ఫోన్ చాలా, లేకపోతే సైకిల్ కోసమే వచ్చే జీపీఎస్ కొనుక్కోవాలా అని. ముందు నాకు జరిగింది చెబుతాను.

రెండేళ్ల కిందట శ్రావణమాసంలో అంతర్వేది వెళ్లాను. పొద్దున బయల్దేరిన దగ్గర్నుంచీ ఫోన్ హ్యాండిల్ మీదే ఉంది, మ్యాపు వెలుగుతూనే ఉంది. దర్శనం చేసుకుని తిరిగొస్తూ, మెయిన్ రోడ్డు మీద లారీల మధ్య ఎందుకులే అని మలికిపురం దాటాక కాలువ గట్టు పట్టాను. సాయంత్రం నాలుగు దాటాక వాన మొదలైంది. చినుకులు పడగానే, ఎవరో వేలు పెట్టి లాగినట్టు మ్యాపు పక్కకి జరిగిపోయింది. కండువాతో తుడిచాను. నీటి చార మిగిలింది. నేను నొక్కేది ఒకటి, ఫోన్ తీసుకునేది ఇంకొకటి. ఇంతలో ఇంటి నుంచి ఫోన్. ఎత్తుదామని పచ్చ గుర్తు మీద వేలు లాగుతున్నాను, తడి తెర మీద అది కదలదు. మోగి మోగి ఆగిపోయింది. బ్యాటరీ చూస్తే 6 శాతం. పవర్ బ్యాంక్ తీసి గుచ్చాను. పిన్ను దగ్గర తడి ఉంది, ఆరేదాకా ఛార్జింగ్ పెట్టొద్దని హెచ్చరిక వచ్చింది. ఇంకో పావుగంటకి తెర నల్లబడిపోయింది.

చీకటి పడుతుంటే, నెత్తిన గోనెసంచి కప్పుకుని, టార్చిలైటు వేసుకుంటూ ఒకాయన ఎదురొచ్చాడు. "ఎందాకండీ?" అన్నాడు. చెప్పాను. "ఈ గట్టట్టుకుని ఎల్తే ఏటొడ్డుకి తేల్తారండీ. మీరు అవతలి గట్టున ఉండాలి. ఎనక్కెల్లి లాకుల కాడ వంతెన దాటండి" అన్నాడు. ఆయన చెప్పినట్టే వెనక్కి వెళ్లి, అవతలి గట్టెక్కి, ఇంటికి చేరేసరికి రాత్రి పదయింది. మా ఆవిడ వీధి అరుగు మీదే కూర్చుని ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ నాలుగైదు గంటలు ఆవిడ పడ్డ టెన్షన్ తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు బాగుండదు.

దారి తప్పడం నాకు పెద్ద కష్టంగా అనిపించలేదండి. మన డెల్టాలో అడిగితే దారి చెప్పని మనిషి ఉండడు. కానీ నేను క్షేమంగా ఉన్నానని ఇంటికి చెప్పగలిగిన వస్తువు నా దగ్గర ఒక్కటే ఉంది, దాన్ని పొద్దున్నించీ దారి చూపించే పనికే ఖర్చు పెట్టేశాను. అందుకే ఇప్పుడు ఎవరైనా "ఏది బాగా దారి చూపిస్తుంది మాస్టారూ" అని అడిగితే, "ఏది ఆగిపోతే మీ ఇంట్లోవాళ్లు కంగారు పడతారు?" అని నేను తిరిగి అడుగుతున్నాను.

దారి చూపించడం వరకే అయితే రెండింటికీ పెద్ద తేడా లేదు. రెండూ వినేది ఆకాశంలో ఉన్న అవే ఉపగ్రహాలని. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైము ఇంత" అని ఎడతెగకుండా చెబుతుంటాయి. ఆ సంకేతం మన దగ్గరికి రావడానికి సెకనులో వందో వంతులు ఏడు పడుతుంది. ఒక్కో ఉపగ్రహం నుంచి ఎంతసేపట్లో వచ్చిందో లెక్కగట్టి, కనీసం నాలుగు దొరికితే మనం ఎక్కడున్నామో పరికరం తేలుస్తుంది. ఆ లెక్కలో సెకనులో పది లక్షలో వంతు తప్పు వచ్చినా నేల మీద 300 మీటర్లు తేడా వచ్చేస్తుంది. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తి చూస్తారు. 2000 సంవత్సరం మే నెల దాకా అమెరికా వాళ్లు మామూలు జనానికి అందే సంకేతంలో కావాలనే తప్పు కలిపి వదిలేవాళ్లు. వంద మీటర్ల దాకా తేడా ఉండేది. అది ఆపేశాకే ఇది సైకిల్ తొక్కేవాడికి పనికొచ్చే వస్తువయింది. ఇప్పుడు ఇలాంటి ఉపగ్రహ వ్యవస్థలే రష్యా వాళ్ల గ్లోనాస్, యూరప్ వాళ్ల గెలీలియో, చైనా వాళ్ల బెయ్‌డూ ఉన్నాయి. మన నావిక్ కూడా ఉంది, దాని మొదటి ఉపగ్రహం 2013 జూలైలో మన శ్రీహరికోట నుంచే వెళ్లింది. ఇవాళ్టి ఫోన్లు వీటిలో చాలావాటిని వింటాయి. ఆకాశం తెరిపిగా ఉంటే మంచి ఫోన్ చూపించే చోటు అయిదు మీటర్ల అటూ ఇటూగా ఉంటుంది.

ఇందులో సిమ్ కార్డు ఊసు ఎక్కడా రాలేదు చూశారా? చాలామంది నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదనుకుంటారు. నెట్ ఉంటే మొదటిసారి చోటు పట్టుకోవడం త్వరగా అవుతుంది, అంతే. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా ఇవాళ్టి ఫోన్లలో జీపీఎస్ నడుస్తుంది. నెట్ కావాల్సింది మ్యాపు బొమ్మకి. ఆ బొమ్మ ముందే దింపుకుంటే సరి. అయితే ఒక మెలిక ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో ఏరియా దింపుకున్నా, నెట్ లేనప్పుడు అది చెప్పేది కారు వెళ్లే దారే. నడక దారి, సైకిల్ దారి రావు. జనమే కలిసి తయారుచేసుకునే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ఆస్మాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లు అయితే రాష్ట్రం మ్యాపు మొత్తం ఫోన్‌లో పెట్టుకోవచ్చు. సైకిల్ దారి కూడా నెట్ లేకుండానే వేస్తాయి. మారేడుమిల్లి వైపు వెళ్లేవాళ్లు ఇది తప్పకుండా చేసుకోండి, అక్కడ ఘాట్‌లో సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోలేం.

ఇక అసలు తేడా ఎక్కడుందంటే ఎండలో, వానలో, బ్యాటరీలో.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో నల్లటి ఫోన్‌ని హ్యాండిల్ మీద కట్టి, వెలుతురు పూర్తిగా పెంచి, పవర్ బ్యాంక్‌తో ఛార్జింగ్ కూడా పెట్టారనుకోండి. ఎండ వేడి, తెర వేడి, ఛార్జింగ్ వేడి, మూడూ కలిసి దాని మీదే పడతాయి. వేడెక్కగానే ఫోన్ తనని తాను కాపాడుకోవడానికి ముందు వెలుతురు తగ్గిస్తుంది, తర్వాత ఛార్జింగ్ ఆపుతుంది. మీకు వెలుతురు ఎక్కువ కావాల్సిన టైములోనే తగ్గిపోతుంది. సైకిల్ జీపీఎస్‌లలో చాలావాటికి వేరే రకం తెర ఉంటుంది. లోపల్నుంచి దీపం పెట్టి చూపించడం కాకుండా, పైన పడిన ఎండనే వెనక్కి తిప్పి చూపిస్తుంది. అందుకే ఎండ ముదిరేకొద్దీ దాని మీద అక్షరాలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. పగలు దీపంతో పనిలేదు కాబట్టి బ్యాటరీ కూడా మిగులుతుంది. ఈమధ్య ఖరీదైన మోడళ్లు కొన్నింటిలో ఫోన్ లాంటి తెరే పెడుతున్నారు. కొనేముందు ఆ ఒక్క సంగతి అడిగి తెలుసుకోండి, రంగులు చూసి మోసపోవద్దు.

వాన గురించి నా కథలోనే చెప్పేశాను. ఫోన్ తెర వేలి స్పర్శని విద్యుత్తు తేడాతో గుర్తుపడుతుంది. నీటి బొట్టు కూడా దానికి వేలిలాగే తోస్తుంది. ఫోన్ నీళ్లలో పడినా పాడవదని కంపెనీ చెప్పొచ్చు, అది నిజమే కావచ్చు. పాడవకపోవడం వేరు, పనిచేయడం వేరు. బటన్లున్న జీపీఎస్ కొనమని నేను చెప్పేది అందుకే. తడి చేత్తో, చెమట చేత్తో, గ్లవ్స్‌తో కూడా బటన్ నొక్కుకోవచ్చు.

బ్యాటరీ లెక్క ఇంకా తేలిక. ఫోన్‌లో జీపీఎస్ చిప్ తినేది తక్కువే, తెర తినేదే ఎక్కువ. మ్యాపు వెలుగుతూ ఉంటే మామూలు ఫోన్ నాలుగైదు గంటలు, బాగుంటే ఆరు. సైకిల్ జీపీఎస్ మోడల్‌ని బట్టి పన్నెండు నుంచి ఇరవై గంటలు, కొన్ని ఇంకా ఎక్కువే వస్తాయి. పవర్ బ్యాంక్ ఉందిగా అంటారు. దాని మీద 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నా, వోల్టేజి మార్చడంలో పోయేది పోగా ఫోన్‌లోకి చేరేది ఆరు, ఆరున్నర వేలు. పైగా వానలో అది గుచ్చడం కుదరకపోతే ఏమవుతుందో చెప్పాను కదా.

ఇప్పుడు మన డెల్టా సంగతి. ఈ భాగం ఏ కంపెనీ వాడి పుస్తకంలోనూ ఉండదు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేశాడు. అక్కడి నుంచి కాలువలు తవ్వుకుంటూ వచ్చారు. అవి పొలానికి నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. గట్టు మీద మనుషులు నడుస్తూ తాడుతో పడవని లాగేవాళ్లు. ఆ గట్లే ఇవాళ మనకి సైకిల్ దారులు. పక్కన నీళ్లు, పైన కొబ్బరాకుల నీడ, లారీ ఉండదు. సైకిల్ తొక్కేవాడికి ఇంతకంటే ఏం కావాలి? కాని కాలువకి గట్లు రెండు. రెండింటి మధ్య పాతిక, ముప్పై మీటర్ల నీళ్లు. చాలాచోట్ల రెండు గట్ల మీదా దారి ఉంటుంది. మ్యాపు కాస్త దూరంగా పెట్టి చూస్తే ఆ రెండు గీతలూ ఒకటిగా కలిసిపోతాయి. మీరు కుడి గట్టున ఉన్నారో ఎడమ గట్టున ఉన్నారో తెలీదు. తెలిసేసరికి వంతెన వెనకబడిపోయి ఉంటుంది. ఇంకో వంతెనో, లాకులో వచ్చేదాకా తొక్కాల్సిందే. తేడా చిన్నది కాబట్టి దారి తప్పారని జీపీఎస్ కూడా ఒక్కోసారి వెంటనే కూత పెట్టదు.

దీనికి నేను చేసేది చెబుతాను. ముందురోజు రాత్రి తీరిగ్గా కూర్చుని, ఉపగ్రహం తీసిన ఫొటో మీద కాలువని బాగా దగ్గరగా చూసుకుంటూ దారి గీస్తాను. జీపీఎక్స్ ఫైలు అంటారు, అందులో ఉండేది అక్షాంశ రేఖాంశాల జాబితా, అంతే. గట్టు మారాల్సిన ప్రతి వంతెన దగ్గరా, ప్రతి లాకు దగ్గరా ఒక గుర్తు పెడతాను. ఆ చోటుకి రాగానే జీపీఎస్ డబ్బా కూస్తుంది. ఫోన్‌లో అయితే జేబులో ఉన్నా మాటతో చెబుతుంది. గీసింది మీరు కాబట్టి సగం దారి అప్పటికే మనసులో పడిపోయి ఉంటుంది. ఇక్కడున్నవాళ్లంతా మీరు తొక్కిన గట్ల ఫైళ్లు ఒకరికొకరు పంపుకోండి. ఏ పుంత వానాకాలంలో చక్రం కదలనివ్వని బంకమట్టి అవుతుందో, ఏది వేసవిలో హాయిగా ఉంటుందో మీకు తెలుసు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అయితే ఎవరైనా దిద్దవచ్చు. మీ ఊరి పుంత మట్టిదా, సిమెంటుదా అని మీరే రాయొచ్చు. రాయండి.

రెండోది ఏరు. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి మ్యాపులో నీళ్ల మీదుగా ఒక గీత ఉంటుంది. దారి వేసేటప్పుడు మ్యాపు యాప్ దాన్ని రోడ్డులాగే లెక్క కడుతుంది. పంటు ఆగిపోయిందని, గాలివాన ఎక్కువగా ఉందని దానికేం తెలుసు? సాయంత్రం సఖినేటిపల్లి రేవుకి చేరాక వెనక్కి తిరిగి చించినాడ వంతెన చుట్టి వెళ్లాలంటే చీకట్లో ఇంకో రెండు మూడు గంటలు. లంక గ్రామాలకి వెళ్లే కాజ్‌వేలు కూడా అంతే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు లంకలు ఎలా ఉన్నాయో మీరంతా చూసినవాళ్లే. అప్పుడు కూడా మ్యాపులో కనకాయలంక కాజ్‌వే తెల్ల గీతలాగే ఉండి ఉంటుంది. వరద రోజుల్లో బయల్దేరే ముందు ఆ ఊళ్లో తెలిసినవాళ్లకి ఒక ఫోన్ చేయాలి. రేవు దగ్గర టీ కొట్టాయనకి ఫోన్ చేయాలి. ఫోన్‌లో ఛార్జింగ్ మిగల్చమని నేను ఇంతగా పోరేది ఇందుకూ.

జీపీఎస్ కొంటే అన్నీ తీరిపోతాయా అంటే, తీరవు. దాని తెర చిన్నది. ఊరి పేరు టైపు చేయడం కష్టం. "దగ్గర్లో పంక్చర్ షాపు ఎక్కడ" అని అడిగితే సరిగ్గా చెప్పలేదు, ఫోన్ చెబుతుంది. దారి తప్పితే కొత్త దారి వేయడానికి చౌక మోడళ్లు చాలాసేపు తీసుకుంటాయి, కొన్ని అసలు వేయవు, మీరు ఎక్కించిన గీత మాత్రమే చూపిస్తాయి. ధర కూడా చూడాలి. వేగం, దూరం చూపించే చిన్నవి అయిదారు వేలకి దొరుకుతాయి. మ్యాపు ఉన్నవి పదిహేను, ఇరవై వేల దగ్గర మొదలై, పెద్ద కంపెనీలవి యాభై వేలు దాటిపోతాయి. కొండ ఎక్కుడు ఇంకా ఎంతుందో చూపించే సదుపాయాలకి డబ్బు పెట్టకండి. ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా మనకున్న ఎక్కుడు వంతెనలే.

అందుకని నా అభిప్రాయం ఇది. వారానికోసారి నలభై, యాభై కిలోమీటర్లు తెలిసిన దారుల్లో తొక్కేవాళ్లు జీపీఎస్ కొనక్కర్లేదు. ఫోన్ జేబులోనో, సైకిల్ సంచిలో ప్లాస్టిక్ కవర్‌లోనో పెట్టుకోండి, తెర ఆర్పేసి మాటతో దారి వినండి, తెలుగులోనే చెబుతుంది. చెవులు రెండూ మూయొద్దు, హారన్ వినపడాలి. బ్రెవేలకి, అంటే గడువు పెట్టి తొక్కించే దూర ప్రయాణాలకి, వెళ్లే తమ్ముళ్లు మాత్రం కొనుక్కోండి. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి ఇరవై, 600కి నలభై గంటలు గడువు. అంతసేపు ఫోన్ తెర వెలిగించుకుని తొక్కడం కుదిరే పని కాదు.

ఆ వెనక తమ్ముడు చెయ్యెత్తాడు. చెప్పు బాబూ. ఆ, ఇంట్లో పాత ఫోన్ ఉంది, అది వాడొచ్చా అంటున్నాడు. చాలా మంచి ప్రశ్న. తప్పకుండా వాడొచ్చు. సిమ్ తీసెయ్. వైఫై దగ్గర రాష్ట్రం మ్యాపు దింపుకో. పనికిరాని యాప్‌లన్నీ తీసేసి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి హ్యాండిల్‌కి కట్టు. ఎండలో కనిపించడం, వానలో నొక్కడం అలాగే ఉంటాయి, వాటికి ఇది మందు కాదు. కాని అది ఆరిపోతే పోయేది మ్యాపే. మాట్లాడే ఫోన్ నీ జేబులో నిండు ఛార్జింగ్‌తో ఉంటుంది. డబ్బు కూడబెట్టుకునేదాకా విద్యార్థులకి ఇంతకంటే మంచి దారి లేదు.

ఇక్కడ ముందు వరసలో అమ్మ అడుగుతున్నారు, వాళ్లబ్బాయి ఎక్కడున్నాడో ఇంట్లోంచి చూసుకోవచ్చా అని. చూడొచ్చమ్మా. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపమనండి, ఎనిమిది గంటల దాకా నడుస్తుంది. జీపీఎస్ డబ్బాలు కూడా ఎక్కడున్నామో ఇంటికి చూపిస్తామంటాయి గాని, మామూలుగా ఆ పని అబ్బాయి జేబులో ఫోన్ ద్వారానే చేస్తాయి. జీపీఎస్ వినేదే, పంపేది కాదు. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరాలు వేరే ఉన్నాయి. వాటిని మన దేశంలో అనుమతి లేకుండా వాడకూడదు, విదేశాల నుంచి ఎవరైనా తెచ్చిస్తామన్నా తీసుకోవద్దని చెప్పండి. ఇంకొక్కటి చేయండమ్మా. ఒక కాగితం మీద మీ నంబరు, వాళ్ల నాన్నగారి నంబరు, అబ్బాయి బ్లడ్ గ్రూపు రాసి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి సీటు కింద సంచిలో ఉంచండి. లాక్ వేసిన ఫోన్‌ని దారినపోయేవాళ్లు తెరవలేరు.

నేను చెప్పాలనుకున్నవి ఇవే. బయట వేపచెట్టు పక్కన ఎండలో నా సైకిల్ నిలబెట్టాను. హ్యాండిల్ మీద పక్కపక్కనే పాత ఫోన్, జీపీఎస్ రెండూ ఆన్ చేసి ఉన్నాయి. ఎండ బాగానే ఎక్కింది. చెంబుతో నీళ్లు కూడా పెట్టించాను. ఒక్కొక్కరే వచ్చి, ముందు ఎండలో చూడండి, తర్వాత నీళ్లు చల్లి నొక్కి చూడండి.